మృదంగం: ముందు ‘నం’ పలకనివ్వండి, వేగం తర్వాత

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. నాకు 38 ఏళ్ళు, బడిలో లెక్కలు చెబుతాను. మా పాప నాలుగేళ్ళుగా గాత్రం నేర్చుకుంటోంది. దాని పక్కన కూర్చుని మృదంగం వాయించాలని నా కోరిక. తెలిసినవాళ్ళ దగ్గర పాత మృదంగం ఒకటి కొని, రెండు నెలలుగా ఫోన్లో వీడియోలు చూసి సాధన చేస్తున్నాను. ఒక వైపు ఖంగుమని పలకదు, టక్కుటక్కుమంటుంది. రెండో వైపు అట్టపెట్టె కొట్టినట్టు ఉంటుంది. కాస్త వేగం పెంచితే చేతులు తడబడతాయి, మణికట్టు నొప్పి. పైగా నాది ఎడమచేతివాటం. కింద ఇంటివాళ్ళు గోల అంటున్నారు. ఆడవాళ్ళకు, అందులోనూ ఈ వయసులో మృదంగమేమిటని ఇంట్లో ఒక మాట. మానేయమంటారా? (ఒక పాఠకురాలు)

జవాబు:

మానేయొద్దమ్మా. మీరు రాసిన ఇబ్బందుల్లో ఒక్కటి కూడా వయసు తెచ్చింది కాదు. అట్టపెట్టె చప్పుడు పెద్ద మూతకు పెట్టే రవ్వముద్ద సమస్య. టక్కుమనడం ఉంగరపు వేలి సమస్య. తడబాటు నోటి సమస్య. అన్నీ సర్దుకునేవే.

ఇంట్లో మాట సంగతి ముందు తేల్చేద్దాం. మృదంగ విద్వాంసురాలు నిడుమోలు సుమతి గారు మన ఆంధ్రావారే, 2021లో ఆవిడకు పద్మశ్రీ వచ్చింది. ఆడవాళ్ళకు మృదంగమేమిటి అనే ప్రశ్నకు ఆ పేరు చాలు. ఎడమచేతివాటానికీ అంతే. మృదంగంలో మహావిద్వాంసుడిగా పేరుపొందిన పళని సుబ్రమణ్య పిళ్ళై గారిది ఎడమచేతివాటమే.

మృదంగానికి చిన్న మూత, నడుమ కరణ అనే నల్లటి పూత ఉండేది, వలంతల. పెద్ద మూత తొప్పి. కుడిచేతివాటం వాళ్ళు వలంతలను కుడిచేత్తో వాయిస్తారు, మీరు వాద్యాన్ని తిప్పి పెట్టుకుని ఎడమచేత్తో వాయించాలి. వీడియోలు చూసి నేర్చుకున్నారు కాబట్టి ఇప్పటిదాకా కుడిచేత్తోనే వాయిస్తూ ఉండొచ్చు. రాసేదీ కూరలు తరిగేదీ ఏ చేత్తోనో ఆ చెయ్యే వలంతల మీదికి రావాలి. రాయడం ఒక చేత్తో, మిగతా పనులు ఇంకో చేత్తో చేసే అలవాటుంటే వారం రోజులు రెండు రకాలుగానూ వాయించి, ‘నం’ ఏ చేత్తో సులువుగా పలికితే అది ఖాయం చేసుకోండి. ఇది ఇప్పుడే తేల్చుకోవాలి. ఏడాది సాధన అయ్యాక చేతులు మార్చాలంటే మళ్ళీ మొదటికొస్తారు. మీకొక సౌకర్యం కూడా ఉంది. కుడిచేతివాటం గురువుకు ఎదురుగా కూర్చుంటే ఆయన చేతులు మీకు అద్దంలో మీ చేతుల్లాగే కనిపిస్తాయి. ఇక్కడి నుంచి కుడి, ఎడమ అనకుండా వలంతల చెయ్యి, తొప్పి చెయ్యి అనే రాస్తాను.

సాధనకు ముందు, కొన్న వాద్యం పనికొచ్చేదో కాదో చూడండి. టేపుతో పొడవు కొలవండి. 22 అంగుళాలు ఉంటే హెచ్చు శ్రుతిది, 24 ఉంటే తగ్గు శ్రుతిది. హార్మోనియం మెట్ల లెక్కలో ఆడపిల్లల గొంతు సాధారణంగా 5, 5½ శ్రుతిలో ఉంటుంది, దానికి 22 అంగుళాలదే కావాలి. 24 అంగుళాల మృదంగాన్ని 1, 2 శ్రుతులకు, అంటే మగ గొంతులకు కడతారు. దాన్ని పట్టుపట్టి 5కు లాగితే మూత చిరుగుతుంది. మీది పొడవుదైతే సాధనకు ఉంచుకోండి, పాపతో వాయించడానికి మాత్రం వేరేది చూసుకోవాలి.

తర్వాత కట్టె చూడండి. మంచి మృదంగం పనసకర్రతో చేస్తారు, ఎత్తితే బరువుగా ఉంటుంది. కట్టె చుట్టూ వేలిముడుకుతో కొడుతూ వెళ్ళండి. ఒకచోట మాత్రం పగిలిన కుండలా మోగితే అక్కడ బీట ఉన్నట్టు. వార్ల కింద దాగిన బీటలు కంటికి ఆనవు, చెవికే తెలుస్తాయి. కరణ మీద వేలు పెట్టి మెల్లగా తడమండి. నల్లరాతి పొడినీ అన్నాన్నీ కలిపి నూరి, పొర మీద పొర పూసి, ఒక్కో పొరనూ రాయితో రుద్ది కరణ వేస్తారు. దాని మీద సన్నటి నెర్రెలు ఉండటం సహజమే. పెచ్చులు లేస్తుంటే, వాయించినప్పుడు ‘జుర్ర్’మని చీదుతుంటే మూత మార్పించాలి. కొన్నిసార్లు ఆ చీదడం కరణది కాదు, తోలు పొరల మధ్య పెట్టిన ఈనెపుల్ల జరిగి ఉంటుంది. అది బాగుచేసేవాళ్ళకు అయిదు నిమిషాల పని, మీరు మాత్రం చెయ్యి పెట్టొద్దు. కరణకు నీళ్ళు, నూనె తగలనీయకండి.

ఇప్పుడు అట్టపెట్టె చప్పుడు. మీ ఉత్తరంలో రవ్వ ఊసే లేదు. బహుశా తొప్పికి ఏమీ పెట్టకుండానే వాయిస్తున్నారు. ఉత్త తొప్పి అలాగే పలుకుతుంది. వలంతల బరువు కరణ రూపంలో శాశ్వతంగా ఉంటుంది, తొప్పి బరువు మాత్రం వాయించిన ప్రతిసారీ మనమే పెట్టుకోవాలి. ఉప్మారవ్వ పెద్ద చెంచాలు రెండు తీసుకుని, నీళ్ళు కొంచెం కొంచెంగా చిలకరించి తడిపి పది నిమిషాలు ఉంచండి. తర్వాత అరచేతిలో బాగా మర్దించండి. చపాతీ పిండి కంటే కాస్త మెత్తగా, చేతికి అంటకుండా ముద్ద కావాలి. తడి వేళ్ళతో తొప్పి నడిమధ్యన ఒకసారి తుడిచి, ముద్దను అక్కడ ఒత్తి, బొటనవేలితో చుట్టూ పలచబరచండి. సుమారు మూడంగుళాల బిళ్ళ అవ్వాలి. నడుమ చిటికెన వేలి మందం ఉండి అంచుకు వచ్చేసరికి తోలులో కలిసిపోవాలి. అంచు నిటారుగా నిలిచిందంటే పావుగంటలో ఊడి ఒళ్ళో పడుతుంది.

ఇప్పుడు తొప్పి చేతి వేళ్ళతో అంచు దగ్గర ‘తొం’ అని కొట్టి వెంటనే చెయ్యి తీసేయండి. పాప తంబుర యాప్ పెట్టుకుంటుంది కదా, దాన్ని పెట్టి వినండి. తొప్పి నాదం వలంతల షడ్జానికి, అంటే ‘స’కు, కింది స్థాయి షడ్జంలో నిలవాలి. పైకి ఉంటే చిటికెడు రవ్వ కలపండి. నాదం చచ్చి బొద్దుగా వినిపిస్తే రవ్వ ఎక్కువైనట్టు, చిటికెడు గిల్లేయండి. మొదట్లో బాగా పలికి అరగంటకు మళ్ళీ అట్టపెట్టె అయిందంటే రవ్వ ఎండింది. మన ఊరి ఏప్రిల్, మే ఎండలకు, అందులోనూ ఫ్యాను కింద, ఇది త్వరగా ఎండుతుంది. పక్కన చిన్న గిన్నెలో నీళ్ళు పెట్టుకుని తడివేలితో ఒకసారి నిమిరితే చాలు. ఎంత రవ్వ పెట్టినా నాదం దిగకపోతే తప్పు వార్ల బిగువులో ఉంది, అది బాగుచేసేవాళ్ళ పని.

వాయించడం అయిపోగానే రవ్వ మొత్తం గీకి తీసి, కొద్దిగా తడిపిన గుడ్డతో తుడిచి, మూత ఆరాకే గవిసెన (గుడ్డ తొడుగు) తొడగండి. రాత్రికి అలాగే వదిలేస్తే చీమలు, బొద్దింకలు వస్తాయి. రవ్వతో పాటు తోలునూ కొరుకుతాయి.

ఇక వలంతల. మీ సాధన మొత్తం ఇక్కడే తేలుతుంది కాబట్టి నిదానంగా చదవండి. మొదటి పాఠం ‘త ధి తొం నం’. బాణీని బట్టి వేళ్ళలో చిన్న తేడాలుంటాయి గానీ ఎక్కువమంది చెప్పే పద్ధతి ఇది. ‘త’కు తొప్పి చేతి నాలుగు వేళ్ళూ కలిపి తొప్పి మీద పరిచినట్టు కొట్టి అక్కడే ఉంచాలి. ‘ధి’కి వలంతల చేతి మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు ఒక్కటిగా చేర్చి కరణ నడుమ కొట్టాలి. ఇది కూడా మూసిన దెబ్బే. మూడు వేళ్ళూ ఒకేసారి పడకపోతే ‘టర్’మని చీలుతుంది. ‘తొం’ పైన చెప్పాను, అది తెరిచిన దెబ్బ. కొట్టిన చెయ్యి మూత మీద ఉండిపోతే ‘డబ్’మంటుంది.

‘నం’ దగ్గర రెండు వేళ్ళకు రెండు పనులు. ఉంగరపు వేలు కరణ అంచున ఆనీ ఆనకుండా ఉండాలి. చూపుడువేలు, మొదటి కణుపు మెత్తటి భాగంతో, మూత అంచున ఉన్న మీటు అనే తోలుపట్టీ మీద కొట్టి వేడి పెనం తాకినట్టు వెనక్కి రావాలి. మీకు టక్కుమంటున్నది రెంటిలో ఒకటి తప్పినందుకే. చూపుడువేలు కొట్టిన చోటే ఆగుతోందేమో, ఉంగరపు వేలు కరణను అదుముతోందేమో చూసుకోండి. చూపుడువేలు కరణ దాకా పడినా నాదం చస్తుంది.

ఒక ప్రయోగం చేయండి. ఉంగరపు వేలు పూర్తిగా ఎత్తేసి మీటు మీద కొట్టండి, ఏదో కలగాపులగం నాదం వస్తుంది. వేలు గట్టిగా ఒత్తి కొట్టండి, టక్కుమంటుంది. ఇప్పుడు ఒత్తిడి తగ్గిస్తూ కొడుతూ పోండి. ఈగ వాలినంత బరువుకు వచ్చేసరికి ఒక్కసారిగా ఖంగుమని తేటగా పలుకుతుంది. ఆ బరువును వేలు గుర్తుపెట్టుకోవాలి. రెండు వారాలు రోజూ అయిదు నిమిషాలు ఇదొక్కటే వాయించండి.

లెక్కలు చెప్పేవారు కాబట్టి కారణం కూడా చెప్పడం ధర్మం. మామూలు తోలు మూతను కొడితే పుట్టే స్వరాలు ఒకదానితో ఒకటి పొత్తు కుదరవు, అందుకే వట్టి చప్పుడు వినిపిస్తుంది. కరణ బరువు, దాని చుట్టూ ఉన్న పొరల అమరిక కలిసి ఆ స్వరాలను తంత్రి మీద మాదిరి 1, 2, 3, 4, 5 నిష్పత్తికి తెస్తాయి. సి.వి. రామన్ గారు దీన్ని 1920లో ‘నేచర్’ పత్రికలో చెప్పి, 1934లో వివరంగా రాశారు. మీ ఉంగరపు వేలు ఆనిన చోట తోలు ఊగదు, దాని గుండా పోయే గీతకు అటూ ఇటూ ఊగుతుంది. మూత మొత్తం ఒక్కటిగా ఊగే మందమైన నాదం అణిగిపోయి తేటదే మిగులుతుంది.

ఇంత చేసినా ‘నం’ పలక్కపోతే శ్రుతి చెడి ఉంటుంది. వలంతల అంచుకు 16 చోట్ల వార్లు దూరి ఉంటాయి. ఒక్కో చోట ‘నం’ కొట్టి వినండి, అన్నిచోట్లా ఒకే స్వరం రావాలి. తగ్గినచోట అంచున జడలా అల్లిన తోలు మీద చిన్న కర్రముక్క పెట్టి రాతితో కిందికి తట్టితే స్వరం పెరుగుతుంది. కింది నుంచి పైకి తడితే తగ్గుతుంది. ఒకచోట తట్టాక పక్కదానికి పోకుండా ఎదురుగా ఉన్నదానికి వెళ్ళాలి, లేకపోతే మూత ఒక పక్కకు లాగేస్తుంది. మొదటి ఆరు నెలలు ఈ పని గురువే చేస్తే మంచిది, మీరు పక్కన కూర్చుని వినండి. గురి తప్పిన ఒక్క రాతి దెబ్బకు మూత పోతుంది. నవంబరు ముసురుకు తోలు చెమ్మ పట్టి శ్రుతి దిగుతుంది, ఎండలకు బిగిసి ఎక్కుతుంది. అంతమాత్రానికి వాద్యం చెడిందని అనుకోవద్దు. ఎండలో నిలిపిన కారులో మాత్రం మృదంగాన్ని వదిలి వెళ్ళొద్దు.

తడబాటు సంగతికి వద్దాం. నోరు చెప్పలేని వేగాన్ని చెయ్యి వాయించలేదు. మృదంగం పక్కన పెట్టి, ఆదితాళం వేస్తూ ‘త ధి తొం నం’ నోటితో చెప్పండి. మొదటి కాలంలో దెబ్బకు ఒక అక్షరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 టిక్కుల మీద పెడితే ఆవర్తనం, అంటే ఎనిమిది దెబ్బల తాళం ఒక చుట్టు, ఎనిమిది సెకన్లు. మొదటి కాలంలో పాఠం ఆవర్తనానికి రెండుసార్లు వస్తుంది, రెండో కాలంలో నాలుగు, మూడో కాలంలో ఎనిమిది. అంటే మూడో కాలంలో సెకనుకు నాలుగు దెబ్బలు. రెండు నెలలవాళ్ళకు అది తక్కువ వేగమేమీ కాదు. అందరూ చేసే తప్పు ఒకటుంది. రెండో కాలంలోకి వెళ్ళగానే అక్షరాలతో పాటు తాళం కూడా పరుగెత్తుతుంది. తాళం కదలకూడదు, దాని లోపల అక్షరాలే రెట్టింపు కావాలి. దీనికి మీ ఇంట్లోనే మనిషి ఉంది. సరళీ వరుసలు మూడు కాలాల్లో పాడిన పిల్ల కదా, పాపను తాళం వేయమనండి. మీరు పరుగెత్తితే వెంటనే పట్టేస్తుంది.

మూడు కాలాలూ ఎక్కడా ఆగకుండా ఎనిమిది ఆవర్తనాలు నోటికి వచ్చాకే చేతులకు ఇవ్వండి. చేతుల్లోనూ అంతే నిలకడ వచ్చాక మెట్రోనోమ్ ఒక్కసారికి నాలుగు చొప్పున పెంచండి. ‘నం’ టక్కుమన్న క్షణాన వేగం ఎక్కువైనట్టు, వెనక్కి రండి. ఆ పాఠం కుదిరాక తకిట, తకధిమి, తకతకిట, తకిటతకధిమి నోటికి పట్టించండి, మూడు, నాలుగు, అయిదు, ఏడు అక్షరాల నడకలు వాటంతటవే ఒంటికి పడతాయి. రోజుకు 40 నిమిషాలు చాలు. పది నోటికి, అయిదు ఒంటరి ‘నం’కు, మిగిలింది పాఠానికి. ఆదివారం మూడు గంటలు కూర్చుని వారమంతా మానేసేకంటే ఇదే పనిచేస్తుంది.

మణికట్టు నొప్పిని చిన్నచూపు చూడొద్దు. వేలికొనలు ఎర్రబడటం, కొద్దిగా మంట మొదటి రెండు మూడు వారాలు మామూలే. మణికట్టులో పోటు, వేళ్ళలో తిమ్మిరి మామూలు కాదు, ఆ రోజుకు ఆపేయండి. వారం విశ్రాంతి ఇచ్చినా తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. ఎక్కువగా ఇది భుజం బిగించి బలంగా కొట్టడం వల్ల వస్తుంది. కోవెలలో డోలు విని మృదంగం కూడా అంత మోగాలనుకుంటారు చాలామంది. డోలు విద్వాంసులు ఒక చేతి వేళ్ళకు గట్టి తొడుగులు వేసుకుంటారు, రెండో చేత్తో కర్ర పడతారు. గంగజాతరలో పలకలకూ కర్రపుల్లలే. మృదంగానిది వట్టి వేళ్ళ వాద్యం, మణికట్టు దానంతటది పడే బరువు చాలు. గాజులు, ఉంగరాలు తీసి కూర్చోండి. ఉంగరం అంచు తగిలితే తోలు కోసుకుపోతుంది. గోళ్ళు పొట్టిగా ఉండాలి. వలంతల వైపు కాలు కొద్దిగా ముందుకు చాపి, చీలమండ మీద వాద్యం ఆన్చి, రెండో కాలు మడిచి దానికి ఆనించాలి. చీలమండ కింద పాత పంచె చుట్ట పెట్టుకుంటే కాలు తిమ్మిరెక్కదు. వాద్యం నేలకు దాదాపు సమాంతరంగా ఉండాలి. ఒకవైపు వాలితే ఆ చేతి మణికట్టు వంకరగా పనిచేసి నొప్పి పెడుతుంది.

కింద ఇంటివాళ్ళకు ఇబ్బంది నేల గుండా వెళ్ళే తొప్పి నాదంతోనే. కింద చాప, దాని మీద మడతపెట్టిన దుప్పటి వేసుకోండి. గోడలకు దూరంగా, బట్టల బీరువా, పరుపు ఉన్న గదిలో వాయించండి. నోటి సాధనకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. జతుల (తకిట, తకధిమి వంటివాటి) వరుస తొడ మీద వాయించుకోవచ్చు, ‘నం’ మాత్రం అలా రాదు. ఆ కాస్త సమయం, సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర అని వాళ్ళకు ముందే చెప్పి పెట్టుకోండి.

గురువు తప్పదమ్మా. వీడియోలో వేలు ఎక్కడ పెట్టాలో కనబడుతుంది గానీ ఎంత బరువు పెట్టాలో కనబడదు. ఆన్‌లైన్ పాఠమైనా గురువు, శిష్యుడు కలిసి వాయించలేరు, నెట్‌లో శబ్దం ఆలస్యంగా చేరుతుంది. ఊళ్ళోనే టీటీడీ వారి ఎస్వీ సంగీత నృత్య కళాశాల ఉంది. ఉద్యోగం చేసేవాళ్ళకు వీలైన తరగతులు, ప్రవేశాల తేదీలు అక్కడికే వెళ్ళి కనుక్కోండి. ప్రైవేటుగా చెప్పే విద్వాంసుల ఆచూకీ కూడా ఆ ఆవరణలోనే దొరుకుతుంది. చేరే ముందే ఎడమచేతివాటం అని చెప్పండి. కుడిచేతికి మారమనే గురువైతే ఇంకొకరిని అడగండి. కొండ మీద నాదనీరాజనం కచేరీకో, ఊళ్ళో మహతి ఆడిటోరియానికో వెళ్ళినప్పుడు మృదంగం వలంతల కనబడే వైపు కూర్చుని ఆ ఉంగరపు వేలునే చూడండి.

పాపతో ఎప్పుడు? కీర్తనలతో మొదలుపెట్టొద్దు. పాప సరళీ వరుస మొదటి కాలంలో పాడుతుంటే మొదటి నెల మీరు సమం మీద, అంటే ఆవర్తనం మొదటి దెబ్బ మీద, ఒక్క ‘తొం’ మాత్రమే వేయండి, మిగతా ఏడు దెబ్బలూ వింటూ ఉండండి. అది గురి తప్పకుండా పడుతున్నాక ‘త ధి తొం నం’ మొదటి కాలం నింపండి. పాప రెండో కాలానికి వెళ్ళినా మీరు మొదటి కాలంలోనే నిలబడండి, తల్లి వాయిద్యం నిలిస్తేనే పిల్ల పాట నిలుస్తుంది. కుడిచేతివాటం మృదంగం గాయకురాలి కుడిపక్కన ఉంటుంది, వలంతల సభవైపు రావాలని. మీరు పాప ఎడమపక్కన కూర్చోండి. తంబుర పెట్టగానే ముందు వలంతల చూసుకుని, తర్వాత రవ్వ సర్దుకుని, పాపను అప్పుడు షడ్జం అందుకోమనండి.